తొట్టిలో చేపలు, కంట్లో చుక్కలు

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో పొద్దున పది గంటలకు కూర్చోవడానికి కుర్చీ దొరికిందంటే అదృష్టమే. బోధన్, బాన్సువాడ, ఆర్మూరు బస్సులు దిగిన జనమంతా ఆ సందుల్లోని దవాఖానల్లో సర్దుకుంటారు. పోయిన చలికాలం మా పెద్దనాయన కంటి పరీక్షల కోసం అక్కడ ఒక వెయిటింగ్ హాల్లో మూడు గంటలు కూర్చున్నాం. ఎదురు గోడకు నాలుగడుగుల చేపల తొట్టి. మూత కింద వరుసగా నీలి ఎల్ఈడీలు. వెనక అద్దానికి పాలరంగు కాగితం అంటించి, దాని వెనక కూడా నీలి దీపమే పెట్టారు. హాల్లో గోడలు, తెల్ల చొక్కాలు, కాంపౌండరు ముఖం, అన్నీ నీలంలో ముంచి తీసినట్టున్నాయి.

"అగో, ఆ బత్తి ఏం రంగురా?" అన్నాడు పెద్దనాయన.

"నీలం, పెద్దనాయనా."

"నీలమా? నాకు బూడిద లెక్క కనవడ్తున్నది."

ఆ మాటకు నా గుండె కలుక్కుమంది. మా పెద్దనాయన బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ప్యాన్ హౌస్ మనిషి. మరుగుతున్న పాకంలోంచి కాస్త తీసి, గాజు పలక మీద పల్చగా పరిచి, వెలుగుకు పట్టి చూసేవాడు. గింజ కట్టిందా, ఎంత లావైంది, సన్న గింజ కలుస్తోందా అన్నది ఆ చూపులోనే తేలిపోయేది. మిషన్లు ఎన్ని ఉన్నా చివరి మాట కంటిదే. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికే ఆయన రిటైరయ్యాడు. గానుగ ఆగిపోయినా ఆ చూపు మాత్రం నిలిచి ఉందనుకున్నాం. మోతిబిందు, అదే కంటి శుక్లం, దాన్నీ కమ్మేసిందని ఆ పొద్దున తెలిసింది.

కుడికంటికి ఆపరేషన్ అయింది. పది రోజులకు మళ్లీ చూపించుకోవడానికి వచ్చి అదే కుర్చీలో, అదే తొట్టి ముందు కూర్చున్నాం. పెద్దనాయన ఒక కన్ను మూస్తాడు, తెరుస్తాడు, రెండో కన్ను మూస్తాడు. చిన్నపిల్లాడి ఆట లెక్క చాలాసేపు అదే పని.

"ఒక్కటే బత్తి, రెండు రంగులురా. ఈ కంటికి మబ్బు. ఈ కంటికి..." అని ఆగి, "ఇంత నీలం ఉంటదా?" అన్నాడు.

కాసేపటికి ఇంకో మాట: "ఆ వెనకాల తెల్ల చుక్కలు ఉరుకుతున్నయి. నీళ్లల్ల పురుగులా?"

నేనూ చూశాను. చేపలను వదిలి, వెనక వెలుగుతున్న నీలి కాగితం మీద చూపు నిలిపాను. నిజమే. సన్నటి మెరుపు చుక్కలు వంకర దారుల్లో సర్రున పరుగెత్తి మాయమవుతున్నాయి. ఒకటి పోయేలోపు ఇంకొకటి. అవి తొట్టిలో లేవు. తల పక్కకు తిప్పి మళ్లీ చూసినా, ఆ నీలం మీద ఎక్కడ చూపు పెడితే అక్కడ అవే.

లోపల డాక్టరుగారు నవ్వి, అవి పురుగులు కావు, నీ రక్తమే తాతా, అన్నారు. ఆ రోజు నుంచి నీలి వెలుగు ముందు కూర్చోవడం నాకు అలవాటైంది. చేపల తొట్టి చేపలతోపాటు మన కంటినీ చూపిస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

తెల్లకణాల ఊరేగింపు

కంటి లోపలి తెరను రెటీనా అంటాం. దాని అమరిక చిత్రంగా ఉంటుంది. వెలుగును పట్టుకునే కణాలు వెనక వరసలో ఉంటాయి, రక్తం మోసే సన్న నాళాలు ముందు వరసలో ఉంటాయి. అంటే మనం లోకాన్ని ఎప్పుడూ ఒక నాళాల వల వెనక నుంచే చూస్తున్నాం. కదలని నీడను మెదడు పట్టించుకోదు కాబట్టి ఆ వల కనిపించదు.

ఆ నాళాల్లో ఎర్రకణాలు ఒకదాని వెనక ఒకటి సాగుతుంటాయి. వాటిలోని హిమోగ్లోబిన్‌కు నీలం ఊదా కలిసే వెలుగంటే మహా ఆకలి. 415 నుంచి 430 నానోమీటర్ల దగ్గర దాదాపు మింగేస్తుంది. తెల్లకణం అలా కాదు, నీలాన్ని దాటనిస్తుంది. పైగా అది లావుగా ఉండి సన్న నాళంలో ఇరుక్కుంటూ సాగుతుంది కనుక దాని ముందు కాస్త ఖాళీ ఏర్పడుతుంది. ఆ సందులోంచి నీలి వెలుగు వెనక కణం మీద పడగానే మనకు ఒక చుక్క మెరిసినట్టుంటుంది. చుక్క పోయే వంకర దారే నాళం దారి.

జర్మన్ కంటి వైద్యుడు రిచర్డ్ షీరర్ 1924లో దీన్ని వివరించాడు, అతని పేరుతోనే పిలుస్తారు. చూడటానికి అక్వేరియమే కావాలని లేదు. నిజాంసాగర్ కాలువ గట్టు మీద వెల్లకిలా పడుకుని, సూర్యుడికి ఎదురు దిక్కునున్న శుభ్రమైన ఆకాశాన్ని చూసినా కనిపిస్తాయి. మణికట్టు నాడి మీద వేలు పెట్టి చూడండి. చుక్కలు గుండె లయకు ఒకసారి వడిగా, ఒకసారి నెమ్మదిగా నడుస్తాయి. నేను మొదటిసారి అలా వేలు పెట్టి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. నా గుండె కొట్టుకోవడం నా కంటితో నేనే చూస్తున్నాను.

ఇంకో గమ్మత్తు: చూపు సరిగ్గా ఎక్కడ నిలిపామో అక్కడ మాత్రం చుక్కలు రావు. రెటీనా నడిమధ్య, అర మిల్లీమీటరు వెడల్పు మేర, రక్తనాళాలే ఉండవు. అక్షరం చదివేది, సూదిలో దారం ఎక్కించేది, పాకంలో గింజ చూసేది ఆ చోటే. అక్కడ అడ్డు లేకుండా దారి విడిచి ఉంది.

ఈ చుక్కలు రోగం కావు. పైగా కంటి వైద్యానికి పనికొచ్చాయి. మోతిబిందు ముదిరి లోపల ఏముందో డాక్టరుకు కనిపించనప్పుడు, రోగికి గట్టి నీలి వెలుగు చూపి చుక్కలు కదులుతున్నాయా అని అడిగే పద్ధతి ఉంది. కదులుతున్నాయంటే పొర వెనకున్న తెర పని చేస్తోందని ధైర్యం.

అయితే వీటిని వేరే వాటితో కలిపేసుకోకూడదు. కంట్లో దారప్పోగుల్లా, ఈగల్లా నల్లగా తేలుతూ, కన్ను కదిలితే కదిలి, ఆగాక మెల్లగా దిగేవి వేరు. అవి కంటి లోపలి జిగురులోని నలకల నీడలు. వయసుతో చాలామందికి వస్తాయి. కానీ ఒక్కసారిగా నల్ల చుక్కల జల్లు పడినా, చీకట్లో పక్క నుంచి మెరుపులు మెరిసినా, చూపుకు ఒక వైపు తెర దించినట్టయినా మర్నాటికి వాయిదా వేయకండి. రెటీనా ఊడుతోందేమో ఆ రోజే చూపించుకోవాలి. బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సు టికెట్టు ధర ఎంత, కన్ను విలువ ఎంత!

పసుపుపచ్చ అద్దం వెనక

పెద్దనాయన ఎడమ కంటికి నీలం ఎందుకు బూడిదైంది? కంట్లో పుట్టుకతో వచ్చే కటకం మొదట గాజులా తేటగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది, ఆపై గోధుమ రంగు తిరుగుతుంది. పసుపు అద్దం మొదట అడ్డుకునేది నీలాన్నే. ఇది ఇరవై ముప్పై ఏళ్ల మీద జరుగుతుంది కనుక ఆ మనిషికి తేడా తెలియదు. ఆకాశం మునుపటిలా లేదని ఎవరూ దవాఖానకు పోరు. ఒక కంటికి ఆపరేషన్ అయ్యాకే, రెండు కళ్లను పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడే తెలుస్తుంది.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి ఇదే జరిగింది. కలువ కొలనును బొమ్మలుగా గీస్తున్న కాలంలో ఆయన రంగులు ఎరుపు, గోధుమల్లోకి కుంగిపోయాయి. 1923లో కుడికంటికి ఆపరేషన్ అయ్యాక లోకమంతా మరీ నీలంగా ఉందని గోలపెట్టాడు. మన పెద్దల నోటా ఇదే మాట వినవచ్చు. కొందరికి కాస్త పసుపు ఛాయ ఉన్న కృత్రిమ కటకం వేస్తారు, కొందరికి తేట కటకం. తేట కటకం వేయించుకున్నవాళ్లకు నీలి తొట్టి కొన్నాళ్లు కళ్లు గుచ్చినట్టు ఉంటుంది, తర్వాత మెదడు సర్దుకుంటుంది.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన ప్రభుత్వ పథకం 'కంటి వెలుగు' పుణ్యమా అని ఊరూరా బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో కళ్ల పరీక్ష జరిగింది. 2023 జనవరిలో ఖమ్మం నుంచి రెండో విడత కూడా నడిచింది. అట్ట మీది అక్షరాలు చదివించడం ఎంత ముఖ్యమో, రంగు ఎలా ఉందని అడగడం కూడా అంతే ముఖ్యమని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. మా పెద్దనాయనకు మోతిబిందు ఎంత ముదిరిందో మాకు తెలిసింది నాలుగడుగుల చేపల తొట్టి వల్ల కదా.

చేప ఎక్కడ, అద్దం ఎక్కడ?

ఆ తర్వాత నిజామాబాద్‌లో చేపల దుకాణాలు తిరిగాను. సాయంత్రం పూట వెళ్లాలి. బయట చీకటి పడుతుంటే లోపల తొట్లన్నీ వెలిగి ఉంటాయి. గప్పీలు, మోలీలు, ఒంటరిగా సీసాల్లో ఫైటర్లు, నీలి గీతతో నియాన్ టెట్రాలు. "నీలం బత్తి వెడ్తెనే చేపకు అందం వస్తది సార్, తెల్ల బత్తి కింద ఎవ్వలూ ఆగరు" అన్నాడు దుకాణం అతను. తొట్టికి ఒక వైపు వట్టి నీలం, ఇంకో వైపు నీలం ఎరుపు కలిసిన గులాబీ రంగు దీపాలు పెట్టి చూపించాడు.

నేను దీపాల వరస వంక చూశాను. దగ్గరలోని వస్తువులు స్పష్టంగానే ఉన్నాయి. నీలి ఎల్ఈడీలు మాత్రం ఒక్కొక్కటీ వెంట్రుకలు మొలిచినట్టు, చుట్టూ మసక గుడి కట్టినట్టు ఉన్నాయి. ఎంత కళ్లు చికిలించినా తేటపడవు. ఇది దీపం లోపం కాదు. మన కంటి కటకం అన్ని రంగులనూ ఒకే చోట కూడబెట్టలేదు. పసుపు ఆకుపచ్చలను సరిగ్గా తెర మీద నిలిపితే, నీలం తెర కంటే ముందే కలిసిపోయి, తెర చేరేసరికి చెదిరిపోతుంది. అంటే నీలి వెలుగులో అందరం ఎంతో కొంత హ్రస్వదృష్టి ఉన్నవాళ్లమే. రాత్రిపూట దూరం నుంచి నీలి అక్షరాల బోర్డు చదవడానికి ఎందుకు ఇబ్బందో ఇప్పుడు తెలిసింది కదా.

మందపు కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఒక పని చేయండి. గులాబీ దీపాన్ని అద్దం నడుమ నుంచి కాక, తల కొంచెం తిప్పి అద్దం అంచులోంచి చూడండి. ఒక గులాబీ చుక్క రెండుగా విడిపోతుంది. అటు పక్కన ఎరుపు, ఇటు పక్కన నీలం. అద్దం అంచు పట్టకంలా పనిచేసి కలిసిన రంగులను విడదీసింది. నాకు మైనస్ ఐదు అద్దాలు. బడిలో పట్టకం పాఠం చెప్పిన సారు ఇది చూపించి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. పాఠం ముక్కు మీదే ఉంది.

ఇక అందరినీ ఆపేది ఇంకొకటి. నీలి వెనకతెర ముందు ఎర్ర చేప ఉంటే, అది అద్దం దాటి బయటికి వచ్చి గాల్లో ఈదుతున్నట్టు ఉంటుంది. వెనక నీలం లోతుగా, గోడలోకి గుహ తవ్వినట్టు ఉంటుంది. ఇది రెండు కళ్లతో చూస్తేనే. ఒక కన్ను మూస్తే చేప వెనక్కి వెళ్లిపోతుంది. ఎరుపు, నీలం కంట్లో కాస్త తేడాగా వంగుతాయి, రెండు కళ్లలో ఆ తేడా ఎదురెదురు వైపులకు ఉంటుంది. మెదడు దాన్ని దూరం లెక్కగా తీసుకుంటుంది. కొద్దిమందికి తిరగబడి, నీలమే ముందుకు వస్తుంది. మా ఇంట్లో నలుగురిలో ఒకరికి అంతే. నెదర్లాండ్స్ విద్యార్థి విల్లెమ్ ఐంతోవన్ 1885లో ఈ సంగతి మీదే డాక్టరేటు వ్యాసం రాశాడు. తర్వాత గుండె పరీక్షకు మనం తీయించుకునే ఈసీజీ యంత్రాన్ని తయారుచేసి 1924లో నోబెల్ అందుకున్నది అతనే.

దుకాణం అతను వట్టి నీలి దీపం ఒక్కటే ఉంచాడు. నారింజ ప్యారెట్ చేప కాలిన ఇటుకలా నల్లబారింది. ఎర్ర వెలుగే లేనప్పుడు ఎరుపు తిరిగి రావడానికి ఏముంది! నియాన్ టెట్రా గీత మాత్రం నిప్పు కణికలా వెలిగింది. దాని చర్మంలోని సన్న స్ఫటికాల పొరలు నీలాన్ని అద్దంలా తిప్పికొడతాయి. చీకటిపడే వేళ పెరట్లో ఎర్ర మందారం ఆకుల కంటే ముందే నల్లబడటం చూసే ఉంటారు. అది వేరే కారణం, మసక వెలుతురులో పనిచేసే కణాలకు ఎరుపు దాదాపు కనిపించదు. చెక్ శాస్త్రవేత్త పుర్కినె రెండు వందల ఏళ్ల కిందట గమనించాడు దాన్ని. రాత్రి దీపాలన్నీ ఆర్పి ఒక్క మసక నీలి బల్బు ఉంచితే, తొట్టిలో ఈ రెండు కారణాలూ కలిసిపోతాయి.

ఇంత చవకగా ఇంత గట్టి నీలం మన ఇళ్లలోకి రావడం ఈ మధ్య సంగతే. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు వచ్చిన ఎన్నో ఏళ్లకు గాని 1990ల మొదట్లో వెలిగే నీలం సాధ్యం కాలేదు. అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు జపాన్‌లో పుట్టినవారు ఆ పనికి 2014లో నోబెల్ పొందారు. మన ఇంటి తెల్ల ఎల్ఈడీ బల్బు లోపల కూడా చాలావరకు నీలి దీపమే, పైన పసుపు పూత.

పెద్దమ్మ పాదాలు

పెద్దనాయన ముచ్చటపడి ఇంటికి ఒక తొట్టి తెచ్చుకున్నాడు. శక్కర్‌నగర్ పాత ఇంట్లో, తలుపు పక్కన బల్ల మీద పెట్టారు. శుక్రవారం పూజ చేసుకుని, కాళ్లకు పసుపు రాసుకుని పెద్దమ్మ వచ్చి దాని పక్కన కూర్చుంది. కరెంటు బల్బు ఆర్పి తొట్టి దీపం ఒక్కటే ఉంచాం. పెద్దమ్మ పాదాలు మెరుస్తున్నాయి. నీలంగా కాదు, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో, లోపల దీపం పెట్టినట్టు. గడపకు రాసిన పసుపు కూడా అలాగే.

"ఇదేం మాయనే!" అని ఆమె పాదాలు లోపలికి ముడుచుకుంది.

పసుపులోని కర్కుమిన్ నీలి వెలుగును మింగి, కాస్త శక్తి పోగొట్టుకుని, ఆకుపచ్చ పసుపుల్లో తిరిగి ఉమ్ముతుంది. వచ్చిన వెలుగు ఒకటి, పోయే వెలుగు ఒకటి. పసుపు తనకు తానే దీపమైంది. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ రైతులు పండించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలే కొమ్ముల్లో ఈ వెలుగు దాగి ఉంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర, తేమ, కర్కుమిన్ శాతం అంటూ యార్డులో రోజంతా మాటలు నడుస్తాయి. ఆ కర్కుమిన్ కంటికి కనిపించే తీరు ఇదీ. వీలైతే పసుపు రంగు జిలుగు కాగితం కంటికి అడ్డం పెట్టుకుని చూడండి. నీలం ఆగిపోయి, వెలిగేవి మాత్రమే నిలుస్తాయి. బతుకమ్మ రోజుల్లో పసుపు గౌరమ్మను ఇలా చూస్తే చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది.

సముద్రపు అక్వేరియంలు పెట్టేవాళ్లు నీలి దీపం కోరుకునేది కొంత ఇందుకే. పగడాలలోని ప్రోటీన్లు ఇదే పని చేసి పచ్చగా, నారింజగా వెలుగుతాయి. అలాంటి ప్రోటీన్‌ను 1962లో ఒక జెల్లీచేప నుంచి వేరుచేసిన ఒసాము షిమొమురా 2008 నోబెల్‌లో భాగస్వామి. ఉతికిన తెల్ల చొక్కా ఊదా నీలి దీపం కింద జిగేలుమనడం కూడా సబ్బుపొడిలో కలిపే మెరుపు మందు వల్లే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దేశపు నీళ్లలోనే పుట్టే అద్దంలాంటి చిన్న చేప ఒకటుంది, ఎముకలు కూడా కనిపించేంత తేటగా ఉంటుంది. దానికి సూదితో రంగు ఎక్కించి, నీలి దీపం కింద మెరిసేలా చేసి అమ్మే వ్యాపారం లోకంలో చాలా ఏళ్లుగా ఉంది. ఆ సూది పోట్లకు ఎన్నో చస్తాయి, బతికినవాటికి రంగు కొన్నాళ్లలో వెలిసిపోతుంది. అలాంటిది కనిపిస్తే కొనకండి. తేటగా ఉండటమే దాని అందం.

చూపు తిప్పితే వచ్చే పసుపు

తొట్టి ముందు ఒక నిమిషం కదలకుండా కూర్చుని తెల్ల గోడ వైపు చూడండి. గోడ పసుపుగా కనిపిస్తుంది, తొట్టి ఆకారంలో ఒక లేత పసుపు పలక తేలుతుంది. నీలాన్ని పట్టే కణాలు అలసి, మిగతావి తాజాగా ఉన్నాయి కనుక తెలుపులో నీలం తగ్గి పసుపు మిగులుతుంది. మన ఇళ్లలో ఈ లెక్క తెలియనివాళ్లు లేరు. పాత ధోవతి పసుపుబారితే నీలిమందు పెట్టేది ఎందుకు? పసుపుకు నీలం విరుగుడు, రెండూ కలిస్తే కంటికి తెలుపు. ఒకప్పుడు లోకంలో కొన్నిచోట్ల చక్కెరకు కూడా ఇలాగే అల్ట్రామెరైన్ అనే నీలం చిటికెడు కలిపేవారు. మన దేశంలో చాలా ఫ్యాక్టరీలు రసానికి గంధకం పొగ పట్టించి తెల్లబరుస్తాయి. "తెల్లదనం కండ్లల్ల ఉంటదిరా, చక్కెరల ఉండదు" అనేవాడు పెద్దనాయన. అప్పుడు నాకు అర్థం కాలేదు.

కంట్లో నీలం పట్టే కణాలు నిజానికి చాలా కొద్ది. రంగు చూసే కణాలు వందుంటే అందులో నీలానివి ఐదారే. చూపు నడిబొడ్డున అవి అసలే ఉండవు. పైగా అక్కడ పసుపు రంగు వర్ణకం పరుచుకుని ఉంటుంది. అది మనం తినే తోటకూర, పాలకూర, మొక్కజొన్నల నుంచి వచ్చిందే, శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు. దూరంగా ఒక చిన్న మసక నీలి చుక్కను సూటిగా చూస్తే అది నల్లబడటం, పక్క చూపుతో చూస్తే నీలం కావడం ఇందువల్లే.

తన రెటీనాను తానే చూసుకోవాలని జీవితం చివరి దశలో కూర్చున్న పెద్దమనిషి ఒకరున్నారు, సి.వి. రామన్. తండ్రి విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు, రామన్ చిన్ననాటి చదువు అక్కడి సముద్రం ఒడ్డునే సాగింది. 1921లో నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలం చూసి, ఇది ఆకాశం నీడే అన్న మాటను ఒప్పుకోక, జేబులోని పట్టకంతో పైపై మెరుపును తొలగించి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీళ్లే వెలుగును చెదరగొడుతున్నాయన్న ఆ ఆలోచన ఆయన్ని రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన 1928 ఫిబ్రవరి 28 దాకా నడిపించింది. అదే మనిషి 1960లలో రంగు జిలుగు తెరలు కంటికి అడ్డం పెట్టుకుని, వెలుగుతున్న తెల్ల తెరను చూసి, అడ్డం చటుక్కున తీసేసి, తన కంటి మధ్యభాగం తెర మీద పెద్దదిగా పరుచుకోవడం గమనిస్తూ కూర్చున్నారు. 1968లో చూపు మీద పుస్తకం వేశారు. అందులో ఆయన చెప్పిన సిద్ధాంతం నిలవలేదు. కానీ నోబెల్ వచ్చిన మనిషి ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డాక, రంగు కాగితం ముక్క పట్టుకుని తన కంటినే పరీక్ష పెట్టుకోవడం తలచుకుంటే నాకు ఇష్టం పొంగుతుంది.

చవక దీపాలకు ఇంకొక గుణం ఉంది. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది, నాసిరకం ఎల్ఈడీ దాంతోపాటు అన్నిసార్లూ ఆరి వెలుగుతుంది. దీపం ముందు చెయ్యి వేగంగా ఊపితే ఒక చేతికి పది వేళ్లు కనిపిస్తాయి. కన్ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పితే నీలి చుక్కల దండ పరుచుకుంటుంది. తలనొప్పి ఉన్నవాళ్లకు ఇది పడదు. ఇంకా ముఖ్యం, మన కంట్లో చూపుతో పనిలేకుండా పగలా రాత్రా అని మాత్రమే లెక్కపెట్టే కణాలున్నాయి, వాటిని ఎక్కువగా లేపేది నీలమే. పడకగదిలో రాత్రంతా నీలి తొట్టి వెలిగితే నిద్ర చెడుతుంది. చేపకు మనకున్నట్టు కనురెప్ప లేదు. వెలుగు వద్దనుకున్నా మూసుకోలేదు. రోజుకు ఎనిమిది, పది గంటలు చాలు. దయచేసి రాత్రికి ఆర్పేయండి.

పెద్దనాయన ఇంట్లో తొమ్మిదికి ఆర్పేస్తారు. మొన్న వెళ్లినప్పుడు ఆ చీకట్లో ఇంకో నీలం చూద్దామన్నాను. ఆయన నమ్మలేదు. కిటికీలు మూసి, అరగంట చీకట్లోనే కూర్చున్నాం, కళ్లు చీకటికి అలవాటుపడాలి కదా. పటికబెల్లం గడ్డ ఒకటి, పట్కారు ఒకటి. సూటిగా కాదు, కొంచెం పక్కకు చూడమని చెప్పాను, చీకట్లో పనిచేసే కణాలు చూపు నడుమ ఉండవు. పట్కారుతో గడ్డను చటుక్కున నొక్కాను.

చక్కెర స్ఫటికం విరిగినప్పుడు రెండు ముక్కల నడుమ విద్యుత్తు దూకుతుంది, గాలిలోని నైట్రోజన్ వెలుగుతుంది. చాలావరకు కంటికి అందని వెలుగే, అందేది కాస్త నీలం. ఫ్రాన్సిస్ బేకన్ నాలుగు వందల ఏళ్ల కిందటే చక్కెర గీస్తే మెరుస్తుందని రాశాడు. ఒక్క క్షణం, పట్కారు నోట్లో సన్నటి నీలి మెరుపు.

పెద్దనాయన ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లు చక్కెర గింజను వెలుగుకు పట్టి చూసిన మనిషి. ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకున్నట్టు కుర్చీ కిర్రుమన్న చప్పుడులో తెలిసింది.

"ఇంకో గడ్డ వెట్టు" అన్నాడు.